లోపలి వాత

ప్రొద్దుటూరు,
24–1–1961, మంగళవారము

చెల్లెలు ఖదీజాకు అన్న దువా చేసి వ్రాయునది.

బావ నిన్నటి సాయంత్రపు బస్సుకు పులివెందుల చేరియుండును. జరిగినదానిలో సగము మరచి, మిగిలిన సగమును తనకు తోచినట్లు చెప్పును గనుక, జమ్మలమడుగులో జరిగినది జరిగిన వరుసలో వ్రాయుచున్నాను. మీ అత్తగారికి కూడ చదివి వినిపించుము.

1. డాక్టరు ఆనందయ్యగారు మమ్ములను గంటసేపు బల్ల మీద కూర్చుండబెట్టి పిలిచినారు. యుద్ధకాలమున సైన్యములో ఉండి, తరువాత మద్రాసులో కీళ్ల వైద్యము నేర్చి, ఇప్పుడు బజారువీధిలో సొంతముగా చూచుచున్నారు. మెల్లగా మాట్లాడుదురు. గోళ్లు శుభ్రముగా ఉన్నవి.

2. బావ కుడిచేతిని పైకెత్తించి, వెనుకకు తిప్పించి, దూది ఏకే విల్లు పట్టినట్లు పట్టమన్నారు. ఎప్పటి నుండి ఏకుచున్నావని అడిగితే, మీసము రాకముందు నుండి అని బావ చెప్పినాడు. భుజపుటెముక ముందుకు జారుచున్నది నాకును కనబడినది.

3. విరిగినది ఏమియు లేదట. ఎముకను ఎముకకు కట్టిపట్టే తాళ్లు, ఇన్నేండ్లు విల్లు అదురు తిని తిని, పాత మంచపు నులకవలె సాగిపోయినవట.

4. ఆ తాళ్లు ఎముకకు అంటుకొనే చోట్ల సూదిమందు వేయుదురు. అందులో ఉన్నవి ద్రాక్షచక్కెర, గ్లిజరిను, రవంత ఫినాలు. సీసా మీద చదివి వ్రాసుకొన్నాను. ఆ మందు నొప్పిని చంపునది కాదు. కావలెననే ఆ చోట మంట పుట్టించును. మంట పుట్టిన చోటికి దేహము తన మరమ్మతు పనివారిని పంపును. సాగిన తాడు మీద కొత్త తాడు అల్లుకొనును.

5. ఆరు చోట్ల పొడిచినారు. మూడవదానికి బావ డాక్టరుగారి తాతను తలచుకొన్నాడు. ఆయన నవ్వి, తాత పోయి చాల కాలమైనదని చెప్పి నాల్గవది పొడిచినారు.

6. మూడు దినములు పోటు, వాపు, వెచ్చదనము ఉండును. అది మందు పట్టిన గుర్తు. నొప్పిమాత్ర ఇవ్వరాదు, చల్లనిది పెట్టరాదు, ఆ మంటను ఆర్పితే మందు వృథా. గుడ్డ తానుగా ఊడువరకు తీయరాదు. మూడు దినములు దాటి జ్వరముంటే తనకు తెలుపవలెనన్నారు.

7. ఫిబ్రవరి 13న రెండవ సూది. అట్లు నాలుగైదు మార్లు. ఎండకాలపు పెండ్లిండ్లకు పరుపులు కుట్టే నాటికి విల్లు పట్టవచ్చునట.

మీ అత్తగారు లింగాల గొర్రెల కాపరి చేత వాత పెట్టించవలెనని పట్టుబట్టిన సంగతి, నీవు అడ్డుపడగా "నా కొడుకు చెయ్యి నీ చేతిలో పెడతాండా, చెయ్యి పోతే నువ్వూ పో" అన్న సంగతి బావ చెప్పినాడు. నా మాట నమ్మి నీవు పూచీపడితివి. అది నేను మరువను. భయపడవద్దు. నీకు తెలిసిన మాటలో చెప్పవలెనంటే, ఇది లోపల పెట్టిన వాత. నాయన భుజమునకు కాపరి పైన కాల్చినాడు, బావ భుజమునకు డాక్టరు లోపల కాల్చినారు. అంతే తేడా.

పిల్లలకు దువాలు.

నీ అన్న
నూరుల్లా

*

పులివెందుల,
29–1–61

అన్నకు ఖదీజా సలాము.

నీ జాబు అందె. అత్తకు రెండుమార్లు చదివి వినిపిస్తి. సీసా మీదిదంతా చదివినాడంటే మీ అన్న దాన్ని తాగి కూడా చూసింటాడు అనె. నవ్వినట్టే అనె, నవ్వల్యా.

మీ బావ వీధిలో అందరికీ చెప్పుకుంటాండాడు, ఆరు సూదులు కాదు ఆరు ఎనుములు పొడిసినట్టు. పక్కింటి వెంకటసుబ్బమ్మ ఉండాది గదా, చక్కెర నీళ్లకు జమ్మలమడుగు దాకా పోవల్లనా ఫకీర్ సాహెబూ, నా తావకొస్తే చెంబుడు పానకమిస్తును గదా అని ఏడిపిస్తాండాది. ఆ చక్కెర నీళ్లు నీ నాలికకు పొడిపిస్తే ఊరంతా బాగుపడ్తాదని ఈయప్ప. ఇద్దరికీ పని ల్యా.

అన్నా, లోపల పెట్టిన వాత అని నువ్వు రాసినాక నాకు మనసు కుదుటపడె. అంతవరకు సూదంటే ఏందో, దానికి ఏం చేయల్లో తెలీక చేతులు ముడుచుకుని కూర్చుంటి. వాతయితే నాకు తెల్సు గదా. నాయనకు అన్నీ చూసింది నేనే. ఇప్పుడు మీ బావకూ నాయనకు చేసినట్టే చేస్తాండా.

నువ్వు రాసినట్టే మూడు దినాలు పోటు ఉండె. నాలుగో దినం తగ్గిపాయె, గుడ్డ ఊడిపాయె, సంగటి తిని నిద్రపాయె. నాకు దిగులాయె, వాత చల్లారిపోతాదేమోనని. నేను చూసుకున్నాక నిన్న మాపటేలకు మళ్లా పోటు వచ్చె, ఒళ్లు కాలె. అత్త చెయ్యి పెట్టి చూసి, ఊ, ఇప్పుడు పట్టింది అనె. ఆమె నోట ఆ మాట వచ్చేసరికి నాకు ఏడుపొచ్చె.

బిడ్డలు బాగుండారు. వదినకు నా సలాము చెప్పు.

చెల్లెలు
ఖదీజా

*

ప్రొద్దుటూరు,
1–2–1961

ఖదీజాకు దీవెనలు.

నీ జాబు చదివి సంతోషించినాను. మీ అత్తగారు "పట్టింది" అనుట సామాన్యము కాదు.

జ్వరము నాల్గవ దినము దాటి వచ్చినదని వ్రాసితివి. డాక్టరుగారు మూడు దినములే అన్నారు. ఈ తేడాను గురించి ఆలోచించినాను. ఆయన లెక్క మద్రాసు మనుషుల దేహములను చూచి వేసినది కావచ్చును. బావది విల్లు కొట్టి కాయలు కాచిన భుజము. మందు అందులోనికి దిగుటకు జాగు పట్టును గనుక మంటయు జాగుగా లేచినదని నా నిశ్చయము. ఆయనకు ఒక కార్డు వ్రాయుదునా అని కలము తీసి, ప్రతి వెచ్చదనమునకు జాబు వ్రాసే అజ్ఞానులని అనుకొనునేమోయని మానితిని.

నాయనకు చేసినట్లే చేయుచున్నానంటివి. అంతకంటె ఏమి కావలెను? నాయనకు వాత పెట్టించిన ఏట నేను అప్పటికే మిల్లులో చేరి ఈ ఊరనే ఉంటిని. ఒక్కసారి వచ్చినప్పుడు చూచినది, నీవు ఆయన ప్రక్కన కూర్చుండి ముద్దలు చేసి తినిపించుట. అది నా కన్నులలో ఉన్నది.

ఇక్కడ మన జిన్నింగు మిల్లులో మంచుకు తడిసిన పత్తి వచ్చుచున్నది. తూకము వేయించు నాకును రైతులకును దినమంతయు వాదులాట. ప్రెస్సు దగ్గర పనిచేయు అమీర్ బాషాకు మోకాళ్లు రెండును చెడినవి, నీకు చెప్పియుంటిని. బావ సంగతి విని తానును సూది వేయించుకొందునని తొందరపడుచున్నాడు. అతనికి విశదపరచుటకు కసాయి అంగడి నుండి గొర్రె భుజపుటెముక తెచ్చి, టీ అంగడి బల్ల మీద పెట్టి, తాళ్లెక్కడ, సూది ఎక్కడ అని చూపినాను. పదిమంది చేరిరి. టీ అంగడి ఆయన, ఎముక తెచ్చినోడు చారు కూడా కాయించల్ల గదా అన్నాడు.

ఎల్లుండి మిల్లువారు నన్ను పత్తి కొనుగోలుకు ఆదోని పంపుచున్నారు. పది దినములు పట్టవచ్చును. 13వ తేదీకి జమ్మలమడుగులో బావను కలిసికొందును. మంటను ఆర్పు పని ఏదియు చేయవద్దు.

నీ అన్న
నూరుల్లా

*

పులివెందుల,
6–2–61

అన్నకు సలాము.

నువ్వు ఆదోనికి పోయింటావు. ఈ జాబు వదిన తీసిపెడ్తాదిలే అని రాస్తాండా.

మీ బావకు దినం విడిచి దినం జొరం వస్తాండాది. భుజం బాగా ఎత్తుకునింది, చొక్కా పట్టదు. నాయనకూ ఇంత వాపు రాల్యా. లోపలి వాత గదా, లోపలిది బయటికి రావల్లంటే ఇంత కావల్లేమో.

నేను చేసేది నీకు రాయల్యా గదా, రాస్తా. కాపరి నాయనకు కాల్చినాక పుండు మూసుకోకుండా వేపగింజ పెట్టిపాయె. చెడ్డ నీరంతా కారిపోయేదాకా దినమూ గింజ మార్చింది నేనే, నువ్వు ఈడ లేవు. ఈ సూది గంట్లేమో దోమ కుట్టినంత ఉండె. దాంట్లో గింజ యాడ పడ్తాది? గుడ్డ ఊడిన దినం బొంతసూదిని పొయ్యిలో ఎర్రగా కాల్చి ఒక గంటును రవంత పెద్దది చేస్తి. మీ బావ నా చెయ్యి పట్టుకునె. మీ అన్న లోపలి వాత అని రాసినాడు, వాతకు ఇది లేకుంటే చల్లారిపోతాది అంటి. ఇడిసిపెట్టె. గింజ తోలు తీసి పెట్టి, తమలపాకు కట్టినా. పొద్దన్నే పాతది తీసి కొత్తది పెడ్తాండా.

మొదట నీళ్లు వచ్చె. ఇప్పుడు చిక్కగా వస్తాండాది. వాసన ఉండాది, వాతకు ఉండేదే. వెంకటసుబ్బమ్మ నిన్న గడప కాడనే నిలబడి మాట్లాడి పాయె. మీ బావ ఆమెను ఒక్క మాటా అనల్యా. అదొక్కటే నాకు బాగాల్యా.

అమీర్ బాషా అన్నకు కూడా వేయిస్తారంటివి గదా, ఆయప్పకూ మంచి గింజలు ఏరి పెట్టినా.

చేసేది సరేనా అన్నా? ఒక్క ముక్క రాయి. నువ్వు సరేనంటే అత్తకు చూపిస్తా. ఆమె నిన్నటి నుంచి నన్నే చూస్తాండాది.

ఖదీజా

*

ఆదోని,
9–2–1961

ఖదీజాకు అన్న దువాలు.

నీవు జాబు వ్రాసియుంటే అది ప్రొద్దుటూరిలో నాకై వేచియుండును. వచ్చిన తరువాత చదువుదును. ఇక్కడ పత్తి మార్కెట్టులో దుమ్ము పడక గొంతు పోయినది, తూకము వేయువారికి చేతులతో చెప్పుచున్నాను.

ఈ నాలుగు మాటలు 13వ తేదీని జ్ఞాపకము చేయుటకు. బావను ఉదయపు బస్సు ఎక్కించుము. మెత్తని పాత చొక్కా తొడుగుము. జమ్మలమడుగులో నేను లేకున్నను ఆయన నేరుగా డాక్టరుగారి దగ్గరకు పోవలెను. ఇక్కడి పని ముగియదేమోయని అనుమానముగా ఉన్నది.

నీవు చేయుచున్నదంతయు సరిగానే ఉన్నది. ఎవరేమి చెప్పినను విడువవద్దు. మీ అత్తగారు సణిగితే ఈ జాబు చూపించుము.

నీ అన్న
నూరుల్లా

*

పులివెందుల,
12–2–61

అన్నా,

ఆదోని నుంచి నీ జాబు అందె. నా జాబు చూడకనే అడిగినదానికి జవాబు రాస్తివి, నాయనకు చేసినట్టే చేస్తానని నీకు తెల్సు గదా. చేసేది సరిగా ఉండాది, విడవద్దని రాసింది అత్తకు చూపిస్తి. చదివించుకుని లోపలికి పాయె.

రేపు మీ బావ రాల్యాడు. లేసి నిలబడితే పడిపోతాండాడు. చంకలో నిమ్మకాయంత గడ్డ కట్టింది. మోచేతి దాకా ఎర్రగా దిగింది. పండ్లు టకటకమంటాండాయి, మూడు బొంతలు కప్పినా. నిన్న మధ్యాన్నం, విల్లు అదురుతాండాది, ఎవురన్నా ఆపండప్పా అనె. విల్లు గోడకుండాది. ఎవురూ ముట్టల్యా.

రెండో సూది ఇప్పుడే వద్దని డాక్టరుకు చెప్పు. మొదటిదే ఇంత బలంగా పట్టింది. గింజ మాత్రం విడవల్యా. ఇప్పుడు రెండు పడ్తాండాయి.

ఖదీజా

*

ప్రొద్దుటూరు,
14–2–1961

ఖదీజా,

నిన్న సాయంత్రము ఆదోని నుండి వచ్చి నీ రెండు జాబులు ఒకేసారి చదివినాను. ఇది టపాలో వేయక బస్సు డ్రైవరు ఖాదర్ చేతికిచ్చుచున్నాను. అతడు నీ వాకిట నిలబడి నీవు చదువువరకు పోడు.

1. గింజలు తీసివేయుము. ఇప్పుడే. మరల ఏమియు పెట్టవద్దు.

2. కాచి చల్లార్చిన నీటితో కడిగి, ఉడికించి ఆరవేసిన తెల్లగుడ్డ కప్పుము.

3. బావను ఖాదర్ ఇదే బస్సులో పండుకొనబెట్టి తెచ్చును. తోడు ఎవరినైన పంపుము. నేను జమ్మలమడుగు బస్సు దిగుచోట ఉందును. నేరుగా పెద్దాసుపత్రికి.

నేను ఆదోని నుండి వ్రాసినప్పుడు నీ జాబు చూడలేదు. సరిగా ఉన్నదని వ్రాసినది గింజను గురించి కాదు.

నూరుల్లా

*

జమ్మలమడుగు,
16–2–1961

ఖదీజాకు,

బావ ఆసుపత్రిలో ఉన్నాడు. తోడు వచ్చిన మీ మరిది అబ్దుల్ సలాం నిన్న తిరిగి వచ్చి చెప్పియుండును. అయినను చెప్పుచున్నాను.

భుజమును కోసి చీము తీసినారు. చాల వచ్చినది. కీలు లోపలి వరకు పోయినదట. పెన్సిలిను సూదులు వేయుచున్నారు. చేయి పనికి రాదనుట నిశ్చయము. ఇప్పుడు వారు చేతిని గురించి మాట్లాడుట లేదు. చీము రక్తములో కలిసినదా లేదా అనుదానిని గురించి మాట్లాడుచున్నారు.

నర్సమ్మ గాయము కడుగునప్పుడు గింజ ముక్క ఒకటి దొరికినది. ఇది ఎవరు పెట్టినారని అడిగినది. బావ కన్నులు తెరచి, నేనే పెట్టుకుంటి అన్నాడు. కుడిభుజము వెనుక, ఒంటిచేత్తో, ఆకు కట్టి. ఆమె నా వైపు ఒకసారి చూచి మరల గాయము కడిగినది.

డాక్టరు ఆనందయ్యగారికి నేనే పోయి చెప్పినాను. చొక్కా గుండీలు పెట్టుకొనుచునే వచ్చినారు. వరండాలో నిలబడి నీ జాబు చదివినారు. "మూడు దినాలు దాటితే చెప్పమంటి గదా" అని మాత్రము అన్నారు. తిట్టియుంటే బాగుండెడిది. ఇంటికి పోలేదు, రాత్రి అక్కడనే బల్ల మీద కూర్చున్నారు.

ఈ ఉదయము బావకు కొంత తెలివి వచ్చినది. నన్ను దగ్గరకు పిలిచి, "బామ్మర్దీ, నా తల్లి దాన్ని బతకనీదు. నువ్వేమన్నా చెయ్యి" అన్నాడు. తరువాత పరుపుల సంగతులు మాట్లాడి కన్నులు మూసికొన్నాడు. నిద్రయే.

ప్రొద్దుటూరిలో అమీర్ బాషాకు మనిషిని పంపి, సూది మాట తలపెట్టవద్దన్నాను.

నూరుల్లా

*

పులివెందుల,
18–2–61

అన్నా,

నిన్న రంజాను మొదటి రోజా. నేను ఉండినా. అత్త ఇఫ్తారుకు నా చేతి నీళ్లు తాగల్యా.

అబ్దుల్ సలాం లింగాల బడిలో అయ్యవారు గదా, మాటలు తూచి మాట్లాడ్తాడు. ఆసుపత్రి నుంచి వచ్చినాక పెద్దమనుషులు ఇద్దర్ని పిల్చుకొచ్చి కూర్చుండబెట్టి, వాళ్ల ముందర అడిగె. గింజ పెట్టమని ఎవురు చెప్పిరి? మా అన్న చెప్పె, జాబులో రాసినాడు అంటి. చూపీ అనె.

నీ జాబులన్నీ తిరగేస్తి అన్నా. లోపలి వాత అని ఉండాది. ఆర్పొద్దని ఉండాది. చేసేది సరిగా ఉండాది, విడవద్దని ఉండాది. గింజ అనే మాట మాత్రం నువ్వు తీసెయ్యమన్న దాంట్లో తప్ప యాడా ల్యా. యాడో పెట్టినా, ఎతుకుతా అని చెప్పి తలుపు మూసుకుంటి. మంగళవారం వస్తా, తీసిపెట్టు అని పోయె.

పోయే ముందర అబ్దుల్ సలాం చెప్పె, చెయ్యి పోతే ఒక మాట, మనిషి పోతే ఒక మాట అంట. మనిషి పోతే బిడ్డలు ఈడ ఉంటారంట, నేను ఉండకూడదంట. పెద్దమనుషులు ఊ కొట్టిరి.

ఒక్కటే అడుగుతాండా. మీ బావ ఈ గతికి వచ్చింది నేను పెట్టిన గింజ వల్లనేనా? దాచొద్దు. నువ్వు నాకు ఎప్పుడూ ఉన్నదున్నట్టే రాస్తివి.

ఖదీజా

*

(మొదటి కాగితము. నీకు మాత్రమే. ఖాదర్ నీ చేతికే ఇచ్చును.)

జమ్మలమడుగు,
20–2–1961, సోమవారము

అమ్మా ఖదీజా,

బావ ఇక లేడు. ఈ ఉదయము ఎండ కిటికీ లోనికి వచ్చిన తరువాత పోయినాడు. నేను చేయి పట్టుకొనియుంటిని, ఎడమచేయి. చివర మాట్లాడినది నాతో కాదు. కుట్టని పరుపుల దూది మంచుకు తడువకుండ కప్పినారా అని ఎవరినో అడిగినాడు. కప్పినామని నేను చెప్పినాను.

మిల్లు లారీలో తెచ్చుచున్నాను. అసర్ నమాజు వేళకు చేరుదుము. ఈ జాబు మధ్యాహ్నపు బస్సులో మాకంటె ముందు వచ్చును గనుక, గోరీ త్రవ్వించుటకు మసీదు వారికి చెప్పించుము. నీవు ఒంటరిగా ఉండవద్దు. వెంకటసుబ్బమ్మను పిలుచుకొనుము.

నీవు అడిగినదానికి జవాబు. అవును, గింజ వల్లనే. కాని గింజ పెట్టుట నీకు తెలిసిన వైద్యము. ఈ జబ్బు ఆ వైద్యమునకు చెందినదని నీకు చెప్పినవాడను నేను. నీకు సులభముగా అర్థము కావలెనని ఒక పోలిక వ్రాసి, దానిని చూచుకొని మురిసితిని. మూడు దినములు దాటితే తెలుపుమని డాక్టరుగారు చెప్పిన ఆరవ మాటను నేనే కొట్టివేసితిని. నీవు నా మాటను నాకంటె ఎక్కువ శ్రద్ధగా పాటించితివి.

రెండవ కాగితము అందరి ముందర చదువుటకు. అందులో నాల్గవ అంశము నిజము కాదు. అది నీకును నాకును, నీ జాబు చదివిన డాక్టరుగారికిని తెలియును, ఆయన నోరు విప్పరు, నాల్గవవారికి తెలియరాదు. నా పాత జాబులన్నియు, ఈ కాగితముతో సహా, అబ్దుల్ సలాం వచ్చుటకు ముందు పొయ్యిలో వేయుము. అతడు అడిగితే, అన్న ప్రతి జాబును కాల్చివేయమనేవాడని చెప్పుము. పిల్లలను తలచుకొని చెప్పుము. తడబడవద్దు.

ఇకమీదట నాకు జాబు వ్రాయవద్దు. నేనును వ్రాయను. నన్ను తిట్టువారితో కలిసి తిట్టుము, కనీసము ఊరకుండుము. ఈ సాయంత్రము మీ వాకిట నేను నిలబడినప్పుడు నా ముఖము చూడవద్దు. చూస్తే వారు కనిపెట్టుదురు.

ఖదీజా, నువ్వు తప్పు చేయల్యామ్మా.

అన్న

*

(రెండవ కాగితము)

జమ్మలమడుగు,
20–2–1961

పులివెందులలోని జానీబీ అత్తమ్మకును, అబ్దుల్ సలాం అయ్యవారికిని, పెద్దమనుషులకును తెలియజేయునది.

1. మరణించిన ఫకీర్ సాహెబుకు భుజపు సూది వేయించవలెనని తలచినవాడను, ఆయనను డాక్టరు వద్దకు తోడుకొనిపోయినవాడను నేను. జానీబీ అత్తమ్మ వద్దన్నది. ఖదీజా నా మాటను ఇంటిలో చెప్పినది, అంతే.

2. డాక్టరుగారి మందులో దోషము లేదు. ఆయన చెప్పవలసినదంతయు నాకు చెప్పినారు.

3. మూడు దినములు దాటి జ్వరముంటే తెలుపవలెనని ఆయన అన్నారు. జ్వరము వచ్చినట్లు ఖదీజా నాకు వెంటనే వ్రాసినది. నేను డాక్టరుగారికి తెలుపలేదు.

4. జనవరి 25వ తేదీన నేను ఖదీజాకు ఒక కార్డు వ్రాసితిని. గుడ్డ ఊడిన తరువాత కాల్చిన సూదితో గంటును పెద్దది చేసి, వేపగింజ పెట్టి, ప్రతిదినము మార్చుమని అందులో ఉన్నది. ఆమె భయపడి నన్ను అడిగినది. అన్న మాట వినుమని గద్దించితిని. చదివి కాల్చివేయుమని కూడ నేనే వ్రాసితిని.

5. ఫిబ్రవరి 9న ఆదోని నుండి, విడువవద్దని మరల వ్రాసితిని. ఆ జాబును జానీబీ అత్తమ్మ చూచినది.

6. కావున ఈ మరణమునకు జవాబు చెప్పవలసినది నేను. ఖదీజాను ఇంటి నుండి గాని పిల్లల నుండి గాని వేరుచేయుటకు ఎవరికిని కారణము లేదు. నన్ను మీ గడప త్రొక్కవద్దంటే త్రొక్కను. ఖననము వరకు దూరముగా నిలుచుటకు మాత్రము అనుమతి కోరుచున్నాను.

పైన వ్రాసినదంతయు నా చేతితో, తెలివితో వ్రాసినది. ఎవరి ముందర చదివినను నాకు అభ్యంతరము లేదు.

పగలు పదకొండు గంటల ఇరువది నిమిషములు.

దూదేకుల నూరుల్లా